రెండు టికెట్ల మధ్య

2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని ఒక చిన్న విమానానికి జెండా ఊపారు. ఉడాన్ పథకం కింద ఎగిరిన మొదటి విమానం, సిమ్లా నుంచి ఢిల్లీకి. జనానికి గుర్తుండిపోయింది అదే. ఆ రోజు అక్కడి నుంచే వీడియోలో ఇంకో రెండు రూట్లు కూడా మొదలయ్యాయి: కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్. రెండూ ట్రూజెట్ విమానాలే. రామ్‌చరణ్ పేరుతో మనకు తెలిసిన హైదరాబాద్ కంపెనీ అది.

కడప సంగతి కడపవాళ్లు రాస్తారు. నాకు ఆసక్తి నాందేడ్ విమానం మీద. పేరుకు మహారాష్ట్రదే అయినా అది సగం మనది. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్లో, మహారాష్ట్ర సరిహద్దు పక్కన డోంగ్లి ఉంది. మొన్నమొన్నటి దాకా మద్నూర్ మండలంలోని ఊరు, 2022లో అదే మండలకేంద్రం అయింది. ఈ మూలనున్న ఊళ్లకు రాష్ట్ర సరిహద్దు అంత పాతదేం కాదు. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజన చట్టం వాటిని విడదీసి ఇటు కలిపింది. గీత మారింది గానీ మాట మారలేదు, బజారు మారలేదు. తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ ఒకే సంతలో వినిపించే చోటు. అక్కణ్నుంచి చూస్తే నాందేడ్ దగ్గర, శంషాబాద్ చాలా దూరం.

అందుకే 2017లో కాగితం మీద ఒక లెక్క భలే కుదిరింది. ఉడాన్ సీట్లకు గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. డోంగ్లి మనిషి నాందేడ్‌లో విమానం ఎక్కి గంటలోపు శంషాబాద్‌లో దిగొచ్చు. అక్కడ దుబాయికో షార్జాకో ఇంకో చౌక విమానం ఎక్కొచ్చు. రెండు కంపెనీలు, రెండు టికెట్లు, రెండు పీఎన్నార్లు. వాటిని కలిపి కుట్టుకోవాల్సింది ప్రయాణికుడే. ఇప్పుడు ట్రావెల్స్ వాళ్లు దీనికి సెల్ఫ్ కనెక్షన్ అని పేరు పెట్టారు. పేరు కొత్తది. పని ఎంత పాతదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు చిక్కేమిటో చూద్దాం. నాందేడ్ విమానం మూడు గంటలు లేటయిందనుకోండి. శంషాబాద్ చేరేసరికి దుబాయి విమానం వెళ్లిపోయింది. ఆ కంపెనీని అడిగితే కంప్యూటర్ చూసి ‘నో షో’ అంటారు. అంటే నువ్వు రాలేదు, టికెట్ పోయింది. మొదటి కంపెనీని అడిగితే, ‘నిన్ను హైదరాబాద్‌లో దింపుతామన్నాం, దింపాం. అటునుంచి నువ్వెక్కడికి పోతావో మాకేం తెలుసు?’ అంటారు. తమాషా ఏమిటంటే చట్టం ప్రకారం ఇద్దరూ కరెక్టే. తప్పు ఎవరిదీ కాదు, నష్టం మాత్రం ఒకడిదే. వీసా మీద చేరాల్సిన తేదీ ఉంటుంది, ఏజెంట్‌కి కట్టిన డబ్బుకి మిత్తి నడుస్తుంటుంది. వాడికి ఆ మూడు గంటల ఆలస్యం ఒక్క టికెట్ ఖరీదుతో పోయేది కాదు.

ఈ ‘ఎవరిదీ కాని’ చోటు విమానాలతో పాటు పుట్టలేదు. నిజానికి విమానయానం మొదట్లో దానికి ఉల్టా దారిలో నడిచింది. 1929లో వార్సాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో ఒక చిన్న నిబంధన ఉంది. ఒకరి తర్వాత ఒకరుగా ఎన్ని కంపెనీలు మోసినా, ఆ ప్రయాణాన్ని ఒప్పుకున్న పక్షాలు ఒకే పనిగా భావించి ఉంటే, అది విడదీయరాని ఒకే ప్రయాణం కింద లెక్క. ఒప్పందం ఒకటే కాగితం మీద ఉందా, నాలుగు కాగితాల మీద ఉందా అన్నది కూడా ముఖ్యం కాదని స్పష్టంగానే రాశారు. ముఖ్యమైంది ‘భావించడం’. అంటే నిన్ను ఎక్కించుకున్నవాడికి నువ్వు చివరికి ఎక్కడ దిగాలో తెలిసి ఉండాలి, తెలిసి ఒప్పుకుని ఉండాలి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం దీన్ని అలాగే ఉంచింది. మనదేశం 2009లో అందులో చేరింది. ఈ ఒక్క మాట దగ్గరే తర్వాత కథంతా అడ్డం తిరుగుతుంది. మళ్లీ వద్దాం.

1945 ఏప్రిల్‌లో హవానాలో విమాన కంపెనీలన్నీ కూడి ఐయాటా అనే సంఘం పెట్టుకున్నాయి. దాని పెద్ద పని ఇంటర్‌లైనింగ్. ఒక కంపెనీ టికెట్‌ని ఇంకో కంపెనీ గౌరవించడం, ఒకరి సామాన్లు ఇంకొకరు అందుకోవడం, తర్వాత లెక్కలు చూసుకోవడం. ఆ లెక్కల కోసం 1947లో ఒక క్లియరింగ్ హౌస్ పెట్టారు. పాతకాలం టికెట్ చూసినవాళ్లకి తెలుసు: చెక్కుబుక్కులాంటి చిన్న పుస్తకం, లోపల ఎర్ర కార్బన్ పూసిన కూపన్లు, ఒక్కో విమానానికి ఒక్కో కూపన్. గేటు దగ్గర చింపి తీసుకునేవాళ్లు. ఆ చింపిన ముక్క క్లియరింగ్ హౌస్‌కి చేరితే కంపెనీకి డబ్బు వచ్చేది. విమానం తప్పితే ఎవరివల్ల తప్పిందో వాళ్లు తర్వాతి దాంట్లో ఎక్కించేవాళ్లు. 2008 జూన్‌తో ఐయాటా ఆ కాగితం టికెట్లు ఆపేసింది. పుస్తకం పోయినా పద్ధతి బతికే ఉంది, ఎమిరేట్స్‌లోనో లుఫ్తాన్సాలోనో ఒకే టికెట్ కొనేవాళ్ల కోసం.

మన దగ్గర ఈ కలిపి కుట్టే పనికి ఇంకా ముందు చరిత్ర ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా రాయకపోవడం నాకు ఆశ్చర్యం. నిజాం రాజ్యపు రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. ఇవాళ్టి ఆర్టీసీకి వేరు అదే. తర్వాత నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. బేగంపేట కేంద్రంగా 1946 నుంచి ఆ విమానాలు ఎగిరాయి. రైలూ బస్సూ విమానమూ మూడింటి వెనకా ఒకే సర్కారు. దీన్ని నిజాం గొప్పతనంగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు, నా ఉద్దేశం అది కాదు. ఆ విమానం ఎక్కగలిగినవాళ్లు ఎంతమంది? జాగీర్దార్లు, అధికారులు, వ్యాపారులు. బిచ్కుంద రైతుకి దాని చప్పుడు తప్ప ఇంకేం తెలియదు. కానీ ఒక ఆలోచన మాత్రం అక్కడ ఉంది: దారి మధ్యలోని అతుకు ప్రయాణికుడిది కాదు, దారి నడిపేవాడిది.

అదే ఆలోచన 1949లో నాగపూర్‌లో ఇంకా అందంగా కనిపిస్తుంది. రాత్రి తపాలా విమానాలు ఆ ఏడాది మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు విమానాలు పొద్దుపోయాక బయల్దేరి అర్ధరాత్రి దాటాక నాగపూర్‌లో కలిసేవి. ఉత్తరాల సంచులు మార్చుకునేవి, ప్రయాణికులూ అక్కడే విమానం మారేవాళ్లు, తెల్లారేసరికి ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయేవి. దేశం నడిబొడ్డున, నిద్ర కళ్లతో, నాలుగు విమానాలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూసే ఏర్పాటు అది. 1973 దాకా నడిచింది. ఈలోగా 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలను జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. దేశం లోపలికి ఒక కంపెనీ, బయటికి ఒక కంపెనీ. సేవ ఎలా ఉండేదో మన పెద్దవాళ్లు చెప్పే జోకులు వినే ఉంటారు. కనెక్షన్ తప్పితే అడగడానికి మాత్రం ఒకే కౌంటర్ ఉండేది.

సరిగ్గా ఆ 1973 లోనే చమురు ధర పెరిగింది, గల్ఫ్‌లో కట్టడాలు మొదలయ్యాయి. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి మనుషులు కదిలారు. ఈ చరిత్రను మనం వలస చరిత్రగా చదువుకున్నాం, కథల్లో పాటల్లో విన్నాం. దీన్నే ప్రయాణాల చరిత్రగా ఒకసారి చూడండి. వీళ్లలో చాలామందికి విమానం బొంబాయిలో. కొలువుల ఏజెంట్లు బొంబాయిలో, వీసా కాగితం వచ్చేది బొంబాయికి. 1983 ఎమిగ్రేషన్ చట్టం వచ్చాక, పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద వలస అనుమతి ముద్ర కూడా కావాలి. కాబట్టి ఊరి నుంచి బస్సు, నిజామాబాద్ నుంచి రైలు, బొంబాయిలో దిగి లాడ్జి, లాడ్జి నుంచి ఎప్పుడో ఒక రాత్రి సహార్ విమానాశ్రయం. మన్మాడ్ దారిన పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌ని ఇప్పటికీ పెద్దవాళ్లు బొంబాయి బండి అంటారు. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి బొంబాయికీ భివండీకీ పోయే బస్సుల వెనక కూడా ఈ కథే ఉంది, మగ్గాల కథ దాంట్లో కలిసి.

ఇది సెల్ఫ్ కనెక్షన్ కాకపోతే మరేంటి? బస్సుకీ రైలుకీ సంబంధం లేదు, రైలుకీ విమానానికీ సంబంధం లేదు. అతుకులన్నీ ఆ మనిషి నెత్తినే. కానీ ఆ అతుకుల దగ్గర నిలబడడానికి మనుషులుండేవాళ్లు. ఊరివాడు ఎవరో ముందే బొంబాయిలో ఉంటాడు. తెలంగాణ నుంచి పోయిన కామాటీల పేరు మీదే అక్కడ కామాటిపురా ఉంది, అంత పాత సంబంధం. లాడ్జివాడు అప్పు పెడతాడు, మెస్సులో జొన్నరొట్టె దొరుకుతుంది. ఫ్లైట్ నాలుగు రోజులు జరిగితే నాలుగు రోజులు ఉంటాడు, నెల జరిగితే అడ్డా కూలీకి పోయి నెల గడుపుతాడు. మోసం చేసినవాళ్లు కూడా వీళ్లలోనే ఉన్నారు. ఏజెంట్ మాయమైతే లాడ్జి నుంచి వెనక్కొచ్చి ఊళ్లో మొహం చూపించలేక భివండీలో ఆగిపోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కాబట్టి ఆ రోజులే బాగుండేవని అనను. కానీ ఆలస్యాన్ని మింగేది ఏదో ఒకటి ఉండేది, మూడు రోజుల ముందు బయల్దేరడం అనే అలవాటైనా సరే. డబ్బు లేనివాడు బీమా ప్రీమియం గంటల్లో, రోజుల్లో కడతాడు.

ఈ అలవాటు మన గల్ఫ్ ఊళ్లలో ఇవాళ్టికీ ఉంది. తెల్లవారుజామున ఫ్లైట్ అంటే ముందురోజు మధ్యాహ్నమే బండి మాట్లాడతారు. ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. నగరం పిల్లలం దాన్ని చూసి నవ్వుకుంటాం, అయిదు గంటల ముందు వెళ్లి అక్కడేం చేస్తారని. వాళ్లకి తెలిసింది మనకి తెలియదు.

ఇక విమాన కంపెనీలే అతుకును ఎందుకు వదిలేశాయో చూడాలంటే టెక్సాస్ పోవాలి. మనవాళ్లకి అదేం పరాయి చోటు కాదు, డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో తెలుగు వినిపించని వీధి వెతుక్కోవాలి. ఆ డల్లాస్‌లోనే లవ్ ఫీల్డ్ అనే పాత విమానాశ్రయం నుంచి 1971 జూన్‌లో సౌత్‌వెస్ట్ ఎగరడం మొదలుపెట్టింది. మూడు ఊళ్లు: డల్లాస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో. మరుసటి ఏడాది డబ్బుల్లేక ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకుని, నాలుగు విమానాల పని మూడింటితో చేయాల్సి వచ్చింది. దాంతో దిగిన విమానాన్ని పది నిమిషాల్లో తిరిగి లేపడం నేర్చుకున్నారు. చౌక విమానయానపు మూలసూత్రం ఈ పది నిమిషాలే. నేల మీదున్న విమానం సంపాదించదు. ఇంకో కంపెనీ నుంచి రావాల్సిన పది సూట్‌కేసుల కోసం ఆగితే పది నిమిషాలు పోయినట్టే. క్లియరింగ్ హౌస్‌కి చందా కట్టాలి, లెక్కలు చూసే గుమాస్తాలు కావాలి, కనెక్షన్ తప్పినవాడికి హోటల్ గది ఇవ్వాలి. ఇదంతా ఖర్చు. సౌత్‌వెస్ట్ అతుకును కోసేసింది, టికెట్ ధర తగ్గింది. తగ్గిన ధరలో కొంత నిజమైన పొదుపే. కొంత మాత్రం పొదుపు కాదు, ప్రయాణికుడికి బదిలీ చేసిన రిస్కు. ఎంతెంత అన్నది ఏ టికెట్ మీదా రాయరు.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. డల్లాస్, ఫోర్ట్‌వర్త్ కలిసి 1974లో కొత్త పెద్ద విమానాశ్రయం తెరిచాయి. సౌత్‌వెస్ట్ మాత్రం లవ్ ఫీల్డ్ వదల్లేదు. కొత్తదాన్ని కాపాడడానికి ఫోర్ట్‌వర్త్ ప్రతినిధి జిమ్ రైట్ 1979లో కాంగ్రెస్‌లో ఒక సవరణ పెట్టించాడు. దాని ప్రకారం లవ్ ఫీల్డ్ నుంచి మామూలు పెద్ద విమానాలు టెక్సాస్‌లోకి, ఆనుకున్న నాలుగు రాష్ట్రాల్లోకి మాత్రమే పోవాలి. అక్కడితో ఆగలేదు. ఆ రాష్ట్రాలు దాటి పోయే ప్రయాణానికి ఒకే టికెట్ అమ్మనే కూడదు. లవ్ ఫీల్డ్ నుంచి లాస్ ఏంజెలెస్ పోవాలనుకున్నవాడు హ్యూస్టన్‌కి ఒక టికెట్ కొని, దిగి, సామాను తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేసి, హ్యూస్టన్ నుంచి ఇంకో టికెట్ మీద పోవాలి. రెండు విమానాలూ సౌత్‌వెస్ట్‌వే అయినా సరే! సెల్ఫ్ కనెక్షన్‌ని ఒక దేశపు చట్టసభ నిర్బంధంగా అమలు చేసిన ఘట్టం ఇది. 2006లో ఒకే టికెట్ మీద నిషేధం తీసేశారు, మిగతా ఆంక్షలు 2014 అక్టోబరులో పోయాయి. దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. రెండు టికెట్ల మధ్య ఖాళీ ప్రకృతిసిద్ధం కాదు. ఎవరో ఒకరు ఏదో ఒక లాభం కోసం పెట్టేదే, తీసేయాలనుకుంటే తీసేయగలిగేదే.

ఇక్కడికి ఆ నమూనా 2003లో వచ్చింది. జి.ఆర్. గోపీనాథ్ పెట్టిన ఎయిర్ డెక్కన్. పేరు చూస్తే నిజాం కాలపు కంపెనీ గుర్తుకొస్తుంది గానీ దీనికీ దానికీ పోలిక లేదు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడు దీని గుర్తు. ఆ ఏడాదే బేగంపేట నుంచి విజయవాడకి మొదటి విమానం, వెంకయ్యనాయుడు లోపల కూర్చుని ఉండగా, లేవబోతూ ఇంజిన్ మంటలతో ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ‘ఆకాశం నీ హద్దురా’ సినిమా చూసినవాళ్లకి ఈ గోపీనాథ్ కథ తెలుసు, కాస్త మసాలాతో. సినిమా చెప్పిందాంట్లో అబద్ధం లేదు: జీవితంలో విమానం ఎక్కని జనం ఎక్కారు. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో. గల్ఫ్ వైపు 2003లో షార్జా నుంచి ఎయిర్ అరేబియా, 2005లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, 2009లో ఫ్లైదుబాయి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచారు. క్రమంగా బొంబాయి లాడ్జి అవసరం తగ్గింది.

లాడ్జి పోయింది, దాంతో పాటు లాడ్జివాడూ పోయాడు. అతుకు మాత్రం పోలేదు. అది ఫోన్ తెరలోకి వచ్చింది. తెర మీద అన్నీ ఒకే జాబితాలో, ధరల క్రమంలో కనిపిస్తాయి. మస్కట్ నుంచి ముంబై ఒక కంపెనీ, ముంబై నుంచి హైదరాబాద్ ఇంకో కంపెనీ, మధ్యలో మూడు గంటలు. చాలనిపిస్తుంది. కానీ గల్ఫ్ విమానం దిగేది సహార్‌లోని టెర్మినల్ 2లో. చౌక దేశీయ విమానం శాంతాక్రూజ్‌లోని టెర్మినల్ 1 నుంచి కావొచ్చు. రన్‌వే ఒకటే, దారి మాత్రం ఊరి రోడ్ల మీదుగా. ఇమిగ్రేషన్ క్యూ, బెల్టు మీద సామాను, కస్టమ్స్, ఆ తర్వాత ముంబై ట్రాఫిక్. అక్కడ తూకం. గల్ఫ్ టికెట్ మీద 30 కిలోలు ఇస్తారు, దేశీయ చౌక టికెట్ మీద 15. రెండేళ్ల తర్వాత ఇంటికొస్తున్నవాడు పిల్లలకని తెచ్చిన దుప్పట్లు, పాలపొడి డబ్బాలు కౌంటర్ ముందు నేల మీద పరిచి ఏది వదలాలో చూసుకోవడం ఎవరైనా ముంబైలో చూసే ఉంటారు. ఒకే టికెట్ అయితే ఆ 30 కిలోలే చివరిదాకా చెల్లుతాయి సాధారణంగా.

దుబాయిలో మారదామనుకున్నా అంతే. ఫ్లైదుబాయి ఎక్కువగా వాడే టెర్మినల్ 2, మిగతా టెర్మినళ్లకి అవతలి పక్క. రెండు వేర్వేరు టికెట్లుంటే సామాను తీసుకోవాలి, సామాను తీసుకోవాలంటే దేశంలోకి ప్రవేశించాలి, దానికి వీసా కావాలి. మన పాస్‌పోర్టుతో అది ఊరికే రాదు. యూరప్ పాస్‌పోర్టువాడికి సెల్ఫ్ కనెక్షన్ అంటే సరదా పజిల్. గాట్విక్‌లాంటి విమానాశ్రయాలు 2015 నుంచి అలాంటివాళ్ల కోసం ప్రత్యేక కౌంటర్ కూడా పెట్టాయి. అదే పజిల్ డోంగ్లి మనిషి చేతికొచ్చేసరికి మధ్యలో ఒక దేశం అడ్డంగా నిలబడుతుంది. మొదటి కౌంటర్లోనే ‘అక్కడ దిగడానికి నీకు వీసా ఏదీ?’ అని ఆపేస్తారు, రెండో టికెట్ చూపించినా. అమెరికా పోయే విద్యార్థులకి వేరే రకం. న్యూయార్క్ దాకా ఒక టికెట్, అక్కణ్నుంచి యూనివర్సిటీ ఊరికి చౌక కంపెనీలో ఇంకోటి. ఇమిగ్రేషన్ ఆఫీసర్ రెండో గదిలో కూర్చోబెడితే ఆ రెండో టికెట్ గాలికి. రెండు పెట్టెలతో, కొత్త దేశంలో, మొదటి రాత్రి.

ఇప్పుడు ఆ వార్సా మాట దగ్గరికి. ‘ఒకే పనిగా భావించి ఉంటే’. చౌక కంపెనీల షరతులు చదవండి, ఎవరూ చదవరు గానీ. మేం ఒక చోటి నుంచి ఒక చోటికి మాత్రమే మోస్తాం, తర్వాతి విమానంతో మాకు సంబంధం లేదు అని అక్కడ ఉంటుంది. అది ఊరికే రాసింది కాదు. మేం అలా భావించడం లేదు అని ముందే చెప్పి పెట్టుకోవడం. 1929 వాళ్లు తెరిచి ఉంచిన తలుపుకి ఇది గొళ్లెం. దేశీయ విమానం రద్దయితే, బాగా ఆలస్యమైతే ఏమివ్వాలో మన డీజీసీఏ నియమాలు చెబుతాయి. అవి ఆ టికెట్ వరకే. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. రద్దయిన టికెట్ డబ్బు వెనక్కిచ్చారు. ఆ విమానం దిగి అందుకోవాల్సిన విదేశీ విమానం టికెట్, వేరే పీఎన్నార్ మీద ఉన్నది, ఆ లెక్కలో రాదు.

ఇదేదో తప్పనిసరి అనుకుంటే పొరపాటు. రుజువు మన రైల్వేలోనే ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి రెండు రైళ్ల పీఎన్నార్లను కలిపి లింక్ చేసుకునే నియమం వచ్చింది. మొదటి బండి లేటై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి రద్దు ఛార్జీలు పట్టుకోకుండా డబ్బు వాపస్. పేర్లు రెండు టికెట్ల మీదా ఒకటే ఉండాలి, మొదటిది దిగే స్టేషన్ రెండోది ఎక్కే స్టేషన్‌తో కలవాలి, అంతే. ఎంత చిన్న నియమం! అది చేసిందల్లా ప్రయాణికుడు రెండు టికెట్ల మధ్య గీసుకున్న గీతని రైల్వే కూడా చూసినట్టు ఒప్పుకోవడం. రైల్వే మొత్తం ఒకే యజమానిది కాబట్టి సులువు, విమానాలు పదిమందివి కదా అంటారు. కానీ పదిమందినీ ఒకే విమానాశ్రయంలో దింపేవాడు ఒకడే, పదిమందికీ లైసెన్సు ఇచ్చేది ఒకటే సంస్థ. ఉడాన్ విషయంలోనైతే సర్కారు సబ్సిడీ కూడా ఇచ్చింది. చిన్న ఊరిని పెద్ద విమానాశ్రయానికి కలపడానికే డబ్బు ఇస్తున్నప్పుడు, ఆ ఊరివాడు అక్కణ్నుంచి ఎక్కడికి పోతాడో అడగకుండా ఎలా ఉన్నారో నాకు అర్థం కాదు. నాందేడ్ నుంచి శంషాబాద్‌లో దిగినవాళ్లందరూ చార్మినార్ చూడ్డానికే వచ్చారా?

చౌక కంపెనీలు ఇప్పుడు మెల్లగా వెనక్కి నడుస్తున్నాయి. ఇండిగో టర్కిష్‌తో, ఖతార్‌తో కోడ్‌షేర్లు కుదుర్చుకుంది. ఇంటర్‌లైనింగ్‌కి ఎక్కువగా దూరంగానే ఉంటూ వచ్చిన సౌత్‌వెస్ట్ 2025 ఫిబ్రవరిలో ఐస్‌లాండేర్‌తో చేతులు కలిపింది. అతుకును మళ్లీ కుట్టి అమ్ముతున్నారు, కుట్టుకూలీ కలిపి. పెద్ద ఊళ్ల మధ్య పోయేవాళ్లకి ఇది మంచి కబురే.

నాందేడ్ విమానం సంగతి: ట్రూజెట్ 2022 మొదట్లో ఎగరడం మానేసింది. ఆ తర్వాత 2024లో స్టార్ ఎయిర్ చిన్న జెట్లు నాందేడ్‌లో దిగడం మొదలైంది. ఈ అయిదేళ్ల ట్రూజెట్ కాలంలో రెండు టికెట్లు కుట్టుకుని డోంగ్లి వైపు నుంచి దుబాయి పోయినవాళ్లు ఉంటే, వాళ్లు శంషాబాద్‌లో ఎన్ని గంటలు మధ్యలో పెట్టుకున్నారో తెలుసుకోవాలని ఉంది. చాలామంది మాత్రం రోడ్డునే నమ్ముకున్నారు. మద్నూర్, పిట్లం, జోగిపేట, సంగారెడ్డి, ఆ పైన ఔటర్ రింగ్ రోడ్డు. బండి పంచరైతే డ్రైవర్ దిగి మారుస్తాడు. ఇంకా లేటయ్యేలా ఉంటే బావమరిది ఇంకో బండి మాట్లాడతాడు.